నాయనమ్మ ఫోనులో కథలు

పిల్లలూ, మీలో చాలామంది ఫోనులో కథలు వినేవుంటారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు వినటానికి వీలయిన ఈ కార్యక్రమాలను పాడ్‌కాస్టులంటారు. వీటిని వినిపించే యాప్‌లు చాలా వున్నాయి. వాటిలో ఏది పెట్టుకోవాలన్న ప్రశ్న కిందటి వేసవి సెలవుల్లో మా ఇంట్లో వచ్చింది.

మా అమ్మకు 78 ఏళ్ళు. కళ్ళు మసకబారి పుస్తకం చదవలేదు. ఆమె వుండే పల్లెలో డాబామీద తప్ప ఫోనుకు సిగ్నలు సరిగా అందదు. ఎనిమిదో తరగతి చదివే మా అన్నయ్య కూతురు సెలవులకు వెళ్ళి, నాయనమ్మ ఫోనులో ఒక యాప్ పెట్టి, పురాణకథల కార్యక్రమం ఒకటి చూపించి వచ్చింది. నాలుగో రోజున నాయనమ్మ ఫోను చేసింది.

"తల్లీ, కథ నడుమ ఆగిపోతున్నదే! దమయంతి అడవిలో నిద్రపోతున్నది. నలుడు వదిలి వెళ్ళాడో లేదో చెప్పకుండానే గొంతు ఆగిపోయింది. డాబా ఎక్కితే మళ్ళీ మొదటినుంచీ వస్తున్నది. ఈ మోకాళ్ళతో ఎన్నిసార్లు మెట్లెక్కను?" అన్నది.

పిల్ల చిన్నబుచ్చుకుని నా దగ్గిరికి వచ్చి, "బాబాయ్, అన్నిటికన్నా మంచి యాప్ ఏది?" అని అడిగింది.

"నీకు మంచిదా, నాయనమ్మకు మంచిదా?" అన్నాను.

దీనికి జవాబు తెలియాలంటే పాడ్‌కాస్టు మన దాకా ఎట్లా వస్తుందో ముందు తెలియాలి. రేడియోలో కార్యక్రమం వచ్చే వేళకు మనం లేకపోతే అది పోయినట్టే. పాడ్‌కాస్టు అట్లా కాదు. దాన్ని తయారుచేసేవారు ప్రతి భాగాన్నీ రికార్డు చేసి ఇంటర్నెట్టులో ఒకచోట వుంచుతారు. ఏ భాగం ఎక్కడ వున్నదో తెలిపే జాబితా ఒకటి దాని పక్కనే వుంటుంది. ఆ జాబితాను ఆర్‌ఎస్‌ఎస్ అంటారు. కొత్త భాగం తయారైనప్పుడల్లా జాబితాలో ఒక వరుస చేరుతుంది. మన యాప్ అప్పుడప్పుడు వెళ్ళి ఆ జాబితా చూసి, కొత్తది వుంటే తెచ్చిపెడుతుంది. యాప్ చేసే పని ముఖ్యంగా ఇంతే.

ఈ జాబితాలో ధ్వని ఫైళ్ళకు చోటు కల్పించే పద్ధతిని 2000 సంవత్సరం ప్రాంతంలో డేవ్ వైనర్ అనే అమెరికన్ రూపొందించాడు. 2004లో బెన్ హామర్స్‌లీ అనే విలేఖరి గార్డియన్ పత్రికలో రాస్తూ, 'ఐపాడ్' లోంచి సగమూ, ప్రసారమనే అర్థంగల 'బ్రాడ్‌కాస్ట్' లోంచి సగమూ తీసి 'పాడ్‌కాస్ట్' అనే మాట వాడాడు. ఐపాడ్ అంటే జేబులో పట్టే పాటలపెట్టె. దాని తయారీ 2022లో ఆగిపోయింది. పేరు మాత్రం మిగిలిపోయింది.

జాబితా అందరికీ ఒకటే గనక, ఏ యాప్‌తో విన్నా అదే కథ వస్తుంది. చెరువు ఒకటే, బిందెలే వేరు. కొన్ని కంపెనీలు కొన్ని కార్యక్రమాలను తమ యాప్‌లో తప్ప మరెక్కడా వినపడకుండా కట్టడి చేశాయనుకోండి. అటువంటివాటిని పాడ్‌కాస్టులని పిలవటం నాకు సరిగా తోచదు.

"అయితే ఏ బిందె అయినా ఒకటేనా?" అన్నది మా పిల్ల.

కాదు. నాయనమ్మకు కావలసినది, సిగ్నలున్నప్పుడు కథను పూర్తిగా దించి దాచుకునే బిందె. దీనికి ఖర్చెంతో మేమిద్దరం లెక్కవేశాం. మాటల కార్యక్రమాన్ని సెకండుకు 64 కిలోబిట్ల చొప్పున రికార్డు చేశారనుకోండి. ఎనిమిది బిట్లు ఒక బైటు గనక సెకండుకు 8 కిలోబైట్లు. గంటకు 3,600 సెకండ్లు. అంటే 28,800 కిలోబైట్లు, సుమారు 29 ఎంబీ. 128 కిలోబిట్లయితే దానికి రెట్టింపు. ఒకసారి దించుకున్న కథను పదిసార్లు విన్నా మళ్ళీ డేటా ఖర్చు కాదు. దించుకోకుండా వింటే విన్నప్పుడల్లా ఖర్చు కావచ్చు.

ఆగినచోటు గుర్తుంచుకోవటం, వేగం మార్చుకోవటం కూడా అవసరమే. మా పిల్ల ఒకటిన్నర రెట్ల వేగంతో వింటుంది, గంట కార్యక్రమం 40 నిమిషాల్లో అయిపోతుంది. నాయనమ్మకు 0.8 వేగం కావాలి. అరగంట కథ ముప్పయి ఏడున్నర నిమిషాలు నడుస్తుంది.

మరొక సంగతి పెద్దలు చూడాలి. కొన్ని యాప్‌లు పేరూ, ఈమెయిలూ ఇచ్చి ఖాతా తెరవనిదే పనిచేయవు. ఎవరు ఏమి వింటున్నదీ అక్కడ నమోదవుతుంది. పిల్లలకు తగని మాటలుంటే ఆ భాగానికి గుర్తు పెట్టే ఆచారం వున్నది గాని, ఆ గుర్తు పెట్టేది చాలావరకు కార్యక్రమం చేసినవారే. అందుచేత మొదటి భాగం పెద్దలు కూడా కూర్చుని వినటం మంచిది.

ఐఫోనులో ఆపిల్ పాడ్‌కాస్ట్స్ ముందే వుంటుంది. ఓవర్‌కాస్ట్ అనేది కూడా ఐఫోనుదే, అది మాటల మధ్య మౌనాన్ని కుదించగలదు. పాకెట్ కాస్ట్స్ రెండు రకాల ఫోన్లలోనూ పనిచేస్తుంది. నాయనమ్మది ఆండ్రాయిడ్ ఫోను. అందుకని యాంటెన్నాపాడ్‌ను ఎంచుకున్నాం. స్వచ్ఛందంగా పనిచేసేవారు దాన్ని తయారుచేస్తున్నారు. వెల లేదు, యాప్ తనంతట తాను ప్రకటనలు చూపదు, ఖాతా అక్కర్లేదు. కథ మధ్యలో కార్యక్రమంవారే చదివే ప్రకటనలు ఎటూ తప్పవు.

"ఈ యాప్ మూతపడితే?" అన్నది మా పిల్ల. తెలివైన ప్రశ్న. 2018లో వచ్చిన గూగుల్ పాడ్‌కాస్ట్స్ 2024లో మూతపడింది. స్టిచర్ అనేది 2023లోనే పోయింది. యాప్ పోయినా కథలు ఎక్కడికీ పోవు; మనం వేటిని వింటున్నామో ఆ పట్టీ పోతే మాత్రం వెతుక్కోవాలి. ఆ పట్టీని ఓపీఎంఎల్ అనే చిన్న ఫైలుగా తీసి దాచుకుంటే మరొక యాప్‌లో ఎక్కించవచ్చు. ఈ వసతి వున్నదీ లేనిదీ యాప్ పెట్టుకున్న రోజునే చూసుకోవాలి. మా పిల్ల తన ఇరవై కార్యక్రమాల పట్టీని అప్పటికప్పుడే దాచుకున్నది.

ఆ ఆదివారం ఇద్దరం పల్లెకు వెళ్ళాం. వైఫై వుంటే తప్ప కథలు వాటంతట అవి దిగకుండా యాప్‌లో ఏర్పాటు వున్నది. నాయనమ్మకు వైఫై లేదు గనక దాన్ని మార్చాం. రోజూ సాయంత్రం పొరుగింటి కుర్రాడు ఫోను డాబామీద పావుగంట వుంచి తెచ్చేటట్టు మాట్లాడాం. నాయనమ్మ నిద్రపోతే కథ ఆగేటందుకు 20 నిమిషాల గడువు పెట్టింది మా పిల్ల.

మర్నాడు పొద్దున నాయనమ్మ, "20 నిమిషాలు చాలలేదే, 40 పెట్టు," అన్నది.

"నలుడు వెళ్ళిపోయాడా, నాయనమ్మా?"

"వెళ్ళిపోయాడని నాకు చిన్నప్పుడే తెలుసులే. ఈయన ఎట్లా చెబుతాడో విందామని!"