మాత్ర అంటే కొలత: మందు మోతాదును లెక్కకట్టే శాస్త్రం, ఆ సంస్థను నడిపినవారు

మనం తెలుగులో మాత్ర అంటాము, కన్నడంలో మాత్రె అంటారు. రెండు భాషలకూ ఈ మాట సంస్కృతం నుండి వచ్చినదే. అక్కడ దాని అర్థం కొలత, పరిమాణం. ఛందస్సు పాఠంలో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అని పిల్లలు వల్లించే మాత్ర కూడా ఇదే. కొలతలో ఉన్నంతవరకే అది ఔషధమన్న హెచ్చరిక ఆ మాటలోనే ఉన్నది. కొలత తగ్గితే రోగం పోదు, కొలత మించితే మందే విషమవుతుంది.

మరి ఈ కొలతను నిర్ణయించేది ఎవరు? చీటీ వ్రాసే వైద్యుడు తన ఊహతో నిర్ణయించడు. దాని వెనుక ఫార్మకోకైనెటిక్స్ అనే శాస్త్రం ఉన్నది. మందు శరీరంలో ప్రవేశించడం, వ్యాపించడం, విరిగి మారడం, వెలుపలికి పోవడం అనే నాలుగు దశల నడకను లెక్కించే విద్య ఇది. ఈ లెక్కలను కంప్యూటరులో చేసి, ఔషధ కంపెనీలకు మోతాదు విషయంలో దారి చూపే సంస్థలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకదానిని స్థాపించి నడిపించినవారిలో తెలుగు ఇంటిపేర్లు కనిపించడం మనకు ఆసక్తి కలిగించే విషయం.

జలాశయం వంటి శరీరం

తుంగభద్ర జలాశయం మనకు తెలిసినదే. పైనుండి వరద వస్తుంది, కాలువలకూ నదికీ నీరు పోతుంది. వచ్చేదీ పోయేదీ తెలిస్తే రేపటి నీటిమట్టం ఎంతో ఇంజనీరు ఈనాడే చెప్పగలడు. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఎంత నీరు వదిలితే మట్టం ఎంతకు దిగుతుందన్న లెక్కే అందరికీ ముఖ్యమైనది.

మందు విషయమూ ఇంతే. మ్రింగిన మాత్ర వరద వంటిది. కాలేయమూ మూత్రపిండాలూ కాలువల వంటివి. రక్తంలో మందు మట్టం ఒక గీతకు దిగువన ఉంటే పని చేయదు, మరొక గీతను దాటితే హాని చేస్తుంది. ఒక మందు రక్తంలో సగమయ్యేందుకు ఆరు గంటలు పడుతుందనుకుందాము. నూరు పాళ్ళు ఆరు గంటలకు యాభై, పన్నెండు గంటలకు ఇరవై అయిదు అవుతాయి. పూటకు ఒకటి, రోజుకు రెండు అని చీటీలో వ్రాసే మాట ఇటువంటి లెక్క నుండే వస్తుంది. ఆ లెక్కను సమీకరణాలుగా వ్రాయడం నమూనా కట్టడం. ఆ నమూనాతో వేయిమంది ఊహా రోగులకు కంప్యూటరులోనే మందు ఇచ్చి చూడడం అనుకరణ, అంటే సిమ్యులేషన్.

పిల్లలు చిన్న పెద్దలు కారు

ఈ లెక్క అవసరం పిల్లల విషయంలో మరింత స్పష్టంగా తెలుస్తుంది. పెద్దవారి మాత్రను సగం విరిచి పిల్లవానికి ఇవ్వడం మన ఇళ్ళలో వాడుక. బరువు సగమైతే మందూ సగం చాలునన్న ఈ తర్కం అన్నివేళలా నిలవదు. 1959లో క్లోరాంఫెనికాల్ అనే మందు వలన అప్పుడే పుట్టిన శిశువులు శరీరం బూడిదరంగుకు మారి మరణించడాన్ని అమెరికా వైద్యులు నమోదు చేశారు. శిశువు కాలేయానికి ఆ మందును విరిచి పంపే శక్తి ఇంకా రాకపోవడమే కారణం.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా ఉన్నది. క్షయ మందులైన ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్‌లను పసిపిల్లల శరీరం పెద్దలకంటె త్వరగా వెలుపలికి పంపుతుంది. అందుచేత ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో పిల్లల మోతాదును పెంచింది. ఐసోనియాజిడ్‌ను కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల నుండి 10కి, రిఫాంపిసిన్‌ను 10 నుండి 15కి మార్చింది. అంతకుముందు ఎందరో పిల్లలకు చాలినంత మందు అందలేదన్నమాట.

పెద్దలలో కూడా అందరి శరీరం ఒక్కటి కాదు. 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, ఐసోనియాజిడ్‌ను నెమ్మదిగా మార్చే శరీరాలు, వేగంగా మార్చే శరీరాలు అని రోగులలో రెండు తెగలున్నట్లు గుర్తించి, చికిత్సపై దాని ప్రభావాన్ని పరిశీలించింది. ఈ శాస్త్రానికి దక్షిణ దేశంలోనూ పాత వేళ్ళున్నాయనడానికి ఇది నిదర్శనం.

లెక్కను కంప్యూటరుకు అప్పగించినవారు

అమెరికాలో లూయిస్ షైనర్, స్టువర్ట్ బీల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అనేక రోగుల రక్తపరీక్షల అంకెలను ఒకేసారి పరిశీలించే నాన్‌మెమ్ అనే ప్రోగ్రామును రూపొందించారు. 1980 నుండి అది ఈ రంగానికి పునాది అయినది. 1996లో కాలిఫోర్నియాలో సిమ్యులేషన్స్ ప్లస్ సంస్థను స్థాపించిన వాల్టర్ వోల్టోజ్ కథ మరింత విశేషమైనది. కండరాలు చచ్చుబడే వ్యాధితో మాట పోయిన తన అత్తగారి కోసం ఆయన కంప్యూటరు ద్వారా మాటలు కూర్చే ప్రోగ్రామును తయారు చేశారు. తరువాత ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు స్టీఫెన్ హాకింగ్‌కు మాట ఇచ్చినది అదే.

ప్యూమాస్, దానిని నడిపినవారు

అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకుల కృషి నుండి పుట్టిన సంస్థ ప్యూమాస్ ఏఐ. దాని సహ వ్యవస్థాపకులలో జోగారావు గొబ్బూరు, విజయ్ ఇవటూరి ముఖ్యులు. ఇవటూరి ప్రధాన కార్యనిర్వహణాధికారిగా సంస్థను నడిపించారు.

గొబ్బూరు అమెరికా ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో దశాబ్దానికి పైగా పనిచేసి, ఫార్మకోమెట్రిక్స్ విభాగానికి అధిపతి అయినారు. కంపెనీ తెచ్చిన మోతాదు సరియైనదా అని ప్రభుత్వం తరఫున అంకెలతో ప్రశ్నించడమే ఆ విభాగం పని. రక్తకాన్సరు రోగులకు మూలుగ మార్పిడికి ముందు ఇచ్చే బుసల్ఫాన్ అనే ప్రమాదకరమైన మందుకు పిల్లల మోతాదును నమూనా ద్వారా లెక్కకట్టిన అధ్యయనంలో ఆయన కూడా ఒకరు. 12 కిలోలకు మించని పిల్లలకు కిలోకు 1.1 మిల్లీగ్రాములు, అంతకు మించినవారికి 0.8 అని ఆ లెక్క తేల్చింది. చిన్నపిల్లకు కిలో ఒక్కింటికి ఎక్కువ కావలసి వచ్చినదని గమనించాలి.

ఇవటూరి మిన్నెసోటాలో పరిశోధన చేసిన విషయం మూర్ఛ. ఫిట్స్ వచ్చి పండ్లు బిగిసినవానికి మాత్ర మ్రింగించలేము. అటువంటి వేళ డయాజిపామ్ మందును ముక్కు ద్వారా ఇస్తే రక్తంలోకి ఎంత, ఎంత త్వరగా చేరుతుందో ఆయన బృందం కొలిచింది. మన రాష్ట్రంలోని మణిపాల్‌లో కూడా ఈ శాస్త్రబోధన, పరిశోధనలతో ఆయనకు సంబంధం ఉన్నది.

వీరితో కలిసి పనిచేసిన క్రిస్ రాకాకాస్ గణిత శాస్త్రజ్ఞుడు. కాలంతో మారే వాటిని లెక్కించే సమీకరణాలను అతి వేగంగా సాధించే ప్రోగ్రాములు ఆయన ప్రత్యేకత. 2012లో వెలువడిన జూలియా అనే కంప్యూటరు భాషలో ప్యూమాస్ ప్రోగ్రామును వ్రాశారు.

నియంత్రణ తెలిసినవారు ఒకరు, రోగినీ మందునూ తెలిసినవారు ఒకరు, గణితం తెలిసినవారు ఒకరు. ఏ ఒక్కరు లేకున్నా లెక్క తప్పుతుంది. గణితం మాత్రమే తెలిసినవానికి శిశువు కాలేయం తెలియదు, మందు మాత్రమే తెలిసినవానికి వేయిమంది అంకెలను కలిపే దారి తెలియదు. అయితే ఎంత గొప్ప నమూనా అయినా దానికి ఇచ్చిన అంకెలకంటె గొప్పది కాజాలదు. బక్కచిక్కిన మన గ్రామాల పిల్లల అంకెలు అందులో చేరకపోతే అది చెప్పే మోతాదు మన పిల్లలకు ఎంతవరకు సరిపోతుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

మన ఇంట పాటించవలసినవి

సరిహద్దు గ్రామాలలో ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉన్నది. మనం ఒకనాడు బళ్ళారిలో చూపించుకొని, మరొకనాడు గుంతకల్లులోనో ఆదోనిలోనో మందు కొంటాము. అదే మందు అక్కడ వేరే కంపెనీ పేరుతో వస్తుంది. రెండూ వేర్వేరనుకొని రెండింటినీ వాడితే మోతాదు రెట్టింపవుతుంది. జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ మితిమీరితే కాలేయాన్ని చెడగొడుతుంది. అట్టమీద కంపెనీ పేరు కాక మందు అసలు పేరును చదవాలి. ఇంగ్లీషు రాని పెద్దలు బడికి పోయే పిల్లలతో చదివించుకోవాలి, పాత చీటీని కొత్త వైద్యునికి తప్పక చూపాలి.

పిల్లల పారాసిటమాల్ సిరప్ 5 మిల్లీలీటర్లలో 120 లేక 125 మిల్లీగ్రాములున్నవి, 250 ఉన్నవి వేర్వేరుగా దొరుకుతాయి. పసివారి చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 ఉండవచ్చు. సిరప్ అనుకొని చుక్కల మందును చెంచాతో పోస్తే నాలుగింతలు పోసినట్లే. సీసాతో వచ్చిన కొలమూతనే వాడాలి, వంటింటి చెంచాను కాదు. బిడ్డ బరువును తూచి వైద్యునికి చెప్పాలి. క్షయ మందును గుణం కనిపించగానే మానరాదు.

సైన్సు చదివే మన పిల్లలకు కూడా ఒక మాట. ఈ విద్యకు కావలసిన సంవర్గమానాలు, చలన కలనం పీయూసీ గణితంలోనే ఉన్నాయి. వాటిని మార్కుల కోసమే కాక, ఒక బిడ్డకు ఎన్ని మిల్లీగ్రాములన్న ప్రశ్న కోసం నేర్చుకొనేవారు మన గ్రామాల నుండి కూడా రావాలి. అప్పుడే మన పిల్లల అంకెలు ఆ నమూనాలలో చేరుతాయి.