ఇంజిన్ ఆయిల్‌లోకి నీళ్లు ఎలా వస్తాయి?

చలికాలంలో ఆయిల్ పోసే మూత విప్పితే లోపలివైపు తెల్లటి జిగురు పూత కనిపిస్తుంది. ‘ఆయిల్‌లో నీళ్లు కలిశాయి, హెడ్ గ్యాస్కెట్ పోయినట్టుంది’ అని ఎవరైనా అనగానే బండిగల వాళ్ల గుండె జారుతుంది. కూలెంట్ ఆయిల్‌లోకి రాకుండా అడ్డుకునేది ఆ గ్యాస్కెట్టే మరి. నీళ్లు కలిసిన మాట నిజమే. కానీ చాలాసార్లు అవి రేడియేటర్ నుంచి వచ్చినవి కావు, మనం కొట్టించిన పెట్రోలులోంచి పుట్టినవి.

పెట్రోలులో ప్రధానంగా ఉండేవి కార్బన్, హైడ్రోజన్. సిలిండర్‌లో మండినప్పుడు కార్బన్ ఆక్సిజన్‌తో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్ నీరవుతుంది. ఉదాహరణకు 114 గ్రాముల ఆక్టేన్ పూర్తిగా మండితే 162 గ్రాముల నీరు పుడుతుంది. ఆ లెక్కన లీటరు పెట్రోలు కాలిస్తే దాదాపు లీటరు నీరు తయారవుతుంది! దానిలో చాలా భాగం ఆవిరిగా సైలెన్సర్ గుండా పోతుంది. చలి ఉదయాల్లో సైలెన్సర్ చివర కారే చుక్కలు అవే.

కొద్దిపాటి ఆవిరి మాత్రం పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందికి, ఇంజిన్ అడుగు భాగమైన క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది. కొత్త ఇంజిన్‌లోనూ ఇది తప్పదు. అక్కడి గోడలు చల్లగా ఉంటే ఆవిరి, అన్నం గిన్నె మూతకు పట్టిన చెమ్మలా, చుక్కలు కట్టి ఆయిల్‌లో పడుతుంది. మసిని, మడ్డిని పట్టి ఉంచడానికి ఆయిల్‌లో కలిపే రసాయనాలే ఈ చుక్కలనూ చుట్టుముట్టి, ఆయిల్ నుంచి విడిపోకుండా ఆపుతాయి. అలా తెల్లటి జిగురు తయారవుతుంది. మూత ఉండేది ఇంజిన్ పైభాగంలో, బయటి గాలికి చల్లబడే చోట కాబట్టి ముందుగా అక్కడే బయటపడుతుంది.

ముల్లు చూపించని వేడి

డ్యాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు రాగానే ఇంజిన్ వేడెక్కిందనుకుంటాం. అది చూపేది కూలెంట్ వేడిని. ఆయిల్ అంతకంటే నెమ్మదిగా వేడెక్కుతుంది. అది 90, 100 డిగ్రీల సెల్సియస్ దాకా చేరి కాసేపు ఆ వేడిలోనే ఉంటే చెమ్మ ఆవిరై, క్రాంక్‌కేస్ గాలిని బయటికి లాగే పీసీవీ వాల్వ్ గుండా మళ్లీ సిలిండర్లలోకి వెళ్లి, పొగతోపాటు బయటపడుతుంది. రెండు మూడు కిలోమీటర్లు నడిపి ఆపేస్తే ఆ అవకాశం ఉండదు. పాత తడి ఆరకముందే కొత్త తడి చేరుతుంది.

కెనడాలోని విన్నిపెగ్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత మైనస్ 16 డిగ్రీల దగ్గర ఉంటుంది. అక్కడ రాత్రిళ్లు కారుకు కరెంటు వైరు తగిలించి, బ్లాక్ హీటర్‌తో ఇంజిన్‌ను వెచ్చగా ఉంచుతారు. అంత చలిలో క్రాంక్‌కేస్ గాలి గొట్టంలోని తడి గడ్డకట్టి దారి మూసుకుపోతే, లోపలి ఒత్తిడికి ఆయిల్ సీళ్లు ఊడి లీకవుతాయి. టొరంటోలో, మినియాపొలిస్‌లో ఉంటున్న తెలుగువాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. ఆదిలాబాద్, అరకు చలి అంత తీవ్రం కాదు. అయినా రోజూ బజారు దాకా మాత్రమే వెళ్లొచ్చే బైకులో ఇదే తడి పేరుకోవచ్చు.

దీనివల్ల నష్టం చిన్నదేమీ కాదు. నీరు చేరితే బేరింగులను కాపాడే ఆయిల్ పొర బలహీనపడుతుంది. ఇంధనం మండినప్పుడు పుట్టే నైట్రోజన్, గంధకం ఆక్సైడ్లు నీటితో కలిసి ఆమ్లాలవుతాయి. వాటిని అణచడానికి ఆయిల్‌లో కలిపిన క్షార పదార్థాలు త్వరగా ఖర్చయిపోతాయి. ఆ తర్వాత లోహానికి తుప్పు, అరుగుదల మొదలవుతాయి.

ఏం చెయ్యాలి?

కారులో జిగురు మూతకే పరిమితమై, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలు రంగులో ఉండి, కూలెంట్ తగ్గకపోతే అది చలికాలపు తడే అయ్యుంటుంది. డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా తెల్లబడినా, కూలెంట్ తగ్గుతున్నా బండి నడపకుండా మెకానిక్‌కు చూపించాలి. అప్పుడు గ్యాస్కెట్‌ను అనుమానించాల్సిందే.

తడికి మందు వేడి. వారానికోసారైనా అరగంటకు తక్కువ కాకుండా, ఆగకుండా రోడ్డు మీద నడపాలి. బండిని నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచితే ఆ ఫలితం రాదు. ఆయిల్ సరిగా వేడెక్కదు, పైగా చల్లని ఇంజిన్‌లో పూర్తిగా మండని పెట్రోలు కూడా కిందికి దిగుతుంది.

కంపెనీ ఇచ్చే పుస్తకంలో ఆయిల్ మార్పుకు కిలోమీటర్లతోపాటు నెలల గడువు కూడా ఉంటుంది. రెండింటిలో ఏది ముందొస్తే అదే పాటించాలి. ‘బండి తిరగలేదు కదా, ఆయిల్ ఎందుకు చెడుతుంది?’ అనుకోవద్దు. చలికాలంలో హైవే మీద వందల కిలోమీటర్లు తిరిగిన కారు కంటే, వీధి చివరి దాకా వెళ్లి వచ్చే కారుకే ఆయిల్ ముందు మార్చాల్సి రావచ్చు.