పాత బీరువాలోనూ వారసుల హక్కు

ఇంటి పెద్ద మరణించినప్పుడు భూమిని కొలుస్తాము, బంగారాన్ని తూకం వేస్తాము. మూలగదిలోని టేకు బీరువాను మాత్రం పాత సామానుగా తలచి వచ్చిన ధరకు అమ్మివేస్తాము, లేదా ఆ ఇంట నివసించే కుమారునికే వదిలివేస్తాము. కాని తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు విడిచివెళ్ళిన ఆస్తి స్వల్పమైనా అధికమైనా అందులో పురుషులతోపాటు స్త్రీలకూ వాటా ఉందని దివ్య ఖుర్ఆన్ (4:7) నిర్దేశిస్తోంది. బీరువా, మంచం, సందుగ కూడా ఆ ఆస్తిలోనివే. వాటి విలువ తెలియనిదే పంపకం న్యాయంగా జరగదు.

స్టేషన్ ఘన్‌పూర్ వంటి మన ఊళ్ళలో పాత ఇంటిని కూల్చి కొత్తది కట్టేటప్పుడు ఇటువంటి సామాను బయటపడుతుంది. అది నిజంగా పాతదా, లేక పాతదానిలా తయారుచేసినదా? కొన్ని ఆనవాళ్ళు మేము ఇక్కడ తెలుపుతున్నాము.

మొదట స్క్రూలను చూడాలి. తలపై ప్లస్ గుర్తు ఉన్న స్క్రూలు 1930ల తరువాతే వ్యాప్తిలోకి వచ్చాయి. నూరేళ్ళ నాటిదని చెప్పే కుర్చీకి అవి ఉంటే ప్రశ్నించవలసిందే. అయితే మరమ్మతులో వేసినవి కావచ్చు గనుక ఆ ఒక్కదానితోనే తీర్పు చెప్పరాదు.

తరువాత సొరుగును పూర్తిగా బయటికి తీసి మూలలను పరిశీలించాలి. చేతితో కోసిన జోడింపులలో ఒకదానికొకటి కొద్ది తేడా ఉంటుంది. యంత్రపు కోత అంతటా ఒకే తీరుగా ఉంటుంది. చెక్క కాలక్రమంలో నారకు అడ్డంగా కుంచించుకుపోతుంది. అందుచేత పాత గుండ్రటి బల్లను రెండు దిక్కులా కొలిస్తే స్వల్ప తేడా కనిపించవచ్చు.

అరుగుదల కూడా సాక్ష్యమే. చేయి ఆనే చోట, సొరుగు జారే దారిలో చెక్క అరగాలి. ఎవరూ తాకని అడుగుభాగం సైతం పైభాగంలాగే నున్నగా, నల్లగా ఉంటే అది రంగుతో తెచ్చిన వయసని అనుమానించాలి.

ఇత్తడి పనికి పేరుగాంచిన పెంబర్తి మన జనగామ చెంతనే ఉంది. పిడులు, బందులు ఇత్తడివో కావో అయస్కాంతంతో చూడవచ్చు. ఇత్తడి పూత పూసిన ఇనుము దానికి అంటుకుంటుంది. అసలు ఇత్తడి అంటుకోదు. విలువ కట్టించే ముందు కొత్త పాలిష్ వేయించరాదు. పాత మెరుగుతోపాటు ఆనవాళ్ళూ చెరిగిపోతాయి.

దైవప్రవక్త (స) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు విన్నవించగా, ప్రజలకు కనబడేలా దానిని పైన ఎందుకు ఉంచలేదని ఆయన (స) ప్రశ్నించారు. మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. మార్చిన కాలును, అతికిన పలకను దాచి అమ్మడం కూడా తడి ధాన్యాన్ని అడుగున దాచడం వంటిదే. విలువ ఎరిగిన కొనుగోలుదారుడు దానిని పాత కట్టెలని నమ్మించి ఒక వితంతువు నుండి తీసుకోవడమూ మోసమే.

కనుక అమ్మకానికి ముందు అనుభవజ్ఞులైన ఇద్దరు వడ్రంగులకు చూపించండి. వారు చెప్పిన విలువను వారసులందరికీ, అత్తవారిళ్ళలో ఉన్న అక్కచెల్లెళ్ళకు కూడా, తెలియజేయండి. మృతుని అప్పులు, వీలునామా తీరిన పిమ్మట ఎవరి వాటా వారికి చేరాలి. బీరువా ఎవరి ఇంట నిలిచినా, మిగిలినవారి హక్కు సొమ్ము రూపంలోనైనా వారికి అందాలి.