ఆర్సీ కార్ల రేసు: పెద్ద గేర్ వేస్తే స్పీడ్ వస్తుందా?

రిమోట్ కంట్రోల్ కారు స్పీడ్ పెంచాలని చాలామంది పెద్ద పినియన్ వేస్తారు. మోటారు కాలిపోయేది అక్కడే. మోటారుకు బిగించే చిన్న గేరే పినియన్. అది తిప్పే పెద్ద గేర్ స్పర్. స్పర్ పళ్లను పినియన్ పళ్లతో భాగిస్తే రేషియో వస్తుంది. 87 పళ్ల స్పర్‌కు 29 పళ్ల పినియన్ వేస్తే రేషియో 3.

పినియన్ పెద్దదైతే టాప్ స్పీడ్ పెరుగుతుంది కానీ పికప్ తగ్గుతుంది, మోటారు వేడెక్కుతుంది. చిన్నదైతే పికప్ బాగుంటుంది. అందుకే మలుపులు ఎక్కువున్న ట్రాక్‌కు చిన్నది, పొడవైన ట్రాక్‌కు పెద్దది.

ముందు మాన్యువల్‌లో చెప్పిన గేర్లతోనే మొదలుపెట్టాలి. కొన్ని నిమిషాలు నడిపి మోటారు వేడి చూడాలి. 80 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటే పినియన్‌లో ఒక్కో పన్ను తగ్గించుకుంటూ రావాలి. రెండు గేర్ల పిచ్ ఒకటే ఉండాలి. 48కి 64 కలిపితే పళ్లు అరిగిపోతాయి.