ఏ చెవికి ఏ యంత్రం?



ఇంట్లో పెద్దవారికి వినికిడి తగ్గిందనగానే చాలామంది చేసే పని ఒకటుంది. పట్నం వెళ్ళే వారెవరితోనో "ఒక చెవి మిషను పట్టుకురండి" అని డబ్బిచ్చి పంపుతారు. ఆ మిషను నాలుగు రోజులు చెవిలో ఉంటుంది, ఆ తర్వాత గూట్లో ఉంటుంది. కళ్ళజోడు లాగే చెవి యంత్రం కూడా ఒకరిది మరొకరికి సరిపోదు.

వినికిడి యంత్రాలన్నీ చేసే పని ఒకటే. మైకు శబ్దాన్ని అందుకుంటుంది, లోపలి సర్క్యూటు దాన్ని పెంచుతుంది, చిన్న స్పీకరు చెవిలోకి పంపుతుంది. వాటిని పెట్టుకునే చోటును బట్టి ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది జేబు యంత్రం. చిన్న డబ్బా చొక్కా జేబులో ఉంటుంది, తీగ చెవికి వెళుతుంది. ధర తక్కువ. పెన్సిల్ సెల్లు ఊళ్ళోనే దొరుకుతుంది. మీటలు పెద్దవి కనుక వణికే చేతులకూ అందుతాయి. అయితే మైకు జేబులో ఉండటంవల్ల గుడ్డ రాపిడి కూడా గరగరమని వినిపిస్తుంది.

రెండోది చెవి వెనుక పెట్టుకునేది. కొద్దిపాటి లోపం నుంచి తీవ్రమైన లోపం దాకా పనికొస్తుంది. బడిపిల్లలకు సాధారణంగా ఇదే మేలు. చెవి పెరిగేకొద్దీ లోపలి అచ్చు మార్చుకుంటే చాలు, యంత్రం అదే. కీచుమని ఈల వస్తే యంత్రం పాడైందని పారేయకండి. తరచు అచ్చు వదులు కావడమే దానికి కారణం.

మూడోది చెవి లోపలే ఇమిడిపోయేది. బయటికి అంతగా కనిపించదు కనుక చాలామంది దీనినే కోరుకుంటారు. కాని సెల్లు చాలా చిన్నది, మార్చడం కష్టం. గుబిలి అడ్డుపడుతుంది. చీము కారే చెవికి ఇది తగదు. వినికిడి బాగా తగ్గినవారికి దీని బలం చాలదు.

కాబట్టి కొనేముందు చెవి డాక్టరుకు చూపించండి. గుబిలి, చీము వంటివి కారణమైతే వైద్యంతోనే నయం కావచ్చు. ఆ తర్వాత వినికిడి పరీక్ష.

ఇక్కడ మన సరిహద్దు వారికి ముఖ్యమైన మాట. పరీక్షలో కొన్ని పదాలు వినిపించి తిరిగి చెప్పమంటారు. తెలుగు తప్ప ఎరుగని అవ్వకు కన్నడ పదాలో తమిళ పదాలో వినిపిస్తే, ఆమె తడబాటు చెవిదా, భాషదా? అందుకే "తెలుగు మాటలతో పరీక్షించండి" అని మొదటే అడగండి. మొహమాటపడకండి.

ఖర్చుకు భయపడి ఆగవద్దు. 1981లో మొదలైన కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం వికలాంగులకు, 2017లో నెల్లూరు జిల్లాలో ప్రారంభమైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన పేద వృద్ధులకు ఇలాంటి ఉపకరణాలు అందించడానికి వచ్చినవే. మీ జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో విచారించండి.

యంత్రం వచ్చాక మొదట రోజుకు గంటా రెండు గంటలు, నిశ్శబ్దంగా ఉన్న గదిలో అలవాటు చేయండి. మీరు ఎదురుగా కూర్చుని, అరవకుండా నిదానంగా మాట్లాడండి. మనం పలకరించడం మానేస్తే ఎంత మంచి యంత్రమైనా గూటికే చేరుతుంది.