విప్పరాని సుడి

అంబాజీపేట కొబ్బరి కొట్టులో ఒలిచిన కాయ నొకదానిని చేతబట్టి, దాని పీచు పోచలన్నియు నలుదెసలకు నిక్కియున్నట్లు భావించి, పైకొన వద్ద చిల్లు పొడిచి, ఆ చిల్లును సాగదీయుచు గోళమునెల్ల బల్లపై పరచితిమనుకొందము. అడుగున నున్న పోచ నడిబొడ్డున నిలిచి క్రిందికి చూచును. అంచులవి మీదికి చూచును. నడుమవి క్రమముగా వ్రాలి ప్రక్కలకు తిరుగును. ఆ వ్రాలినవానిని పాతిక చుట్టు మెలిపెట్టినచో సుడి యగును. పోచలకు మారుగా పరమాణువుల స్పిన్లను, అనగా సూక్ష్మమైన అయస్కాంతపు ముల్లులవంటివానిని, నిలిపిన, అయస్కాంత పదార్థములలోని స్కిర్మియాన్ అదియే. నెత్తిమీది సుడిని దువ్వెన చదును చేయజాలనట్లు, సకల దిక్కులను చూచు నీ యమరికను మెల్లమెల్లగా త్రిప్పి విప్పుట యసాధ్యము, త్రెంపవలసినదే. స్ఫటికము పరమాణువుల కూర్పేగాని అతుకులేని వస్త్రము గాదు గనుక, త్రెగుటయు కలదు.

ఈ పేరు ఆంగ్ల భౌతికశాస్త్రజ్ఞుడు టోనీ స్కిర్మ్ వలన వచ్చినది. ఆతని తల్లివైపు ముత్తాత ఎడ్వర్డ్ రాబర్ట్స్, 1879లో భారతదేశపు రేవుల ఆటుపోట్లను ముందుగా గణించు యంత్రమును రూపొందించినవాడు. అట్టి యంత్రమొకటి తమ పెద్దల యింట నుండగా బాల్యమున చూచితినని స్కిర్మ్ చెప్పుకొనెను. మన తీరపు ఆటుపోట్ల లెక్కకును ఈ సుడికిని ఇట్టి చుట్టరికముండుట నాకు వింతగా తోచును. అయితే 1960 ప్రాంతమున ఆతడు తలచినది అయస్కాంతమును గాదు, పరమాణు కేంద్రకములోని కణములను.

కుడియెడమల భేదము గల స్ఫటికములలో, ప్రక్కప్రక్కనున్న స్పిన్లను ఒకే వైపునకు ఒరగజేయు బలమొకటి కలదని జ్యాలోషిన్‌స్కీ, మోరియా యను శాస్త్రజ్ఞులు చూపియుండిరి. దాని నాధారముగా గొని ఇట్టి సుళ్లు అయస్కాంతములలో నిలువగలవని 1989లో బొగ్దానోవ్, యాబ్లోన్‌స్కీ ఊహించిరి. ఇరువది యేండ్లు గడచిన పిమ్మట, 2009లో, మ్యూనిచ్ శాస్త్రజ్ఞులు మాంగనీసు సిలిసైడుపై న్యూట్రానులను ప్రసరింపజేసి, 30 కెల్విన్లకు లోబడిన శీతలమున, తేనెపట్టు గదులవలె బారులు దీరిన సుళ్లను కనుగొనిరి. మరుసటి యేట జపాను శాస్త్రజ్ఞులు ఎలక్ట్రాను సూక్ష్మదర్శినితో ఇట్టి సుళ్లను విడివిడిగా చూచిరి.

ఇవి స్వల్ప విద్యుత్తుచేతనే కదలును గనుక, సుడి యున్నచో ఒకటి, లేనిచో సున్న యని వ్రాయు స్మృతిఫలకములు చేయ యత్నించుచున్నారు. చిక్కొక్కటి: గోదావరి పాయలో అడ్డముగా సాగు పడవవలె, ముందునకు నెట్టిన సుడి ఒక ప్రక్కకు ఒరిగి అంచును తాకును. స్పిన్లు ఎదురెదురు దిక్కులు చూచు రెండు సుళ్లను పైనొకటి క్రిందనొకటి జతపరచినచో ఆ ఒరుగులు పరస్పరము రద్దగును. అట్టి జంట పొరలను పేర్చుటయందు నేడు కొన్ని ప్రయోగశాలలు నిమగ్నమై యున్నవి.