మరువకుము

జమ్మలమడుగులో క్యాంబెల్ ఆస్పత్రి తెలియనివారుండరు. ప్రొద్దుటూరు, పులివెందుల సంఘాల్లోనూ ‘మేము అక్కడే పుట్టాం’ అనే పెద్దలు కనిపిస్తారు. లండన్ మిషనరీ సొసైటీ పంపగా వచ్చిన డాక్టర్ థామస్ విన్సెంట్ క్యాంబెల్ చేసిన సేవకు ఆ పేరు గుర్తు.

క్యాంబెల్ అనేది స్కాట్లండులో ఒక పెద్ద వంశం పేరు. ఆ వంశానికి పెద్ద ఆర్గైల్ డ్యూక్. పూర్వం ఇనుప కవచం తొడిగిన యోధుణ్ణి డాలు మీది గుర్తును బట్టే పోల్చుకునేవారు. ఇశ్రాయేలీయులు కూడా తమ పితరుల కుటుంబాల ధ్వజాల దగ్గరే దిగాలని దేవుడు ఆజ్ఞాపించాడు (సంఖ్యా. 2:2). క్యాంబెల్ డాలు మీద బంగారు, నలుపు రంగుల ముక్కోణాలు ఎనిమిది నడిమధ్యన కలుస్తాయి. పైన అడవిపంది తల. అడవిపందిని చంపిన డైర్మిడ్ అనే వీరుడు తమ మూలపురుషుడని వారి ఐతిహ్యం. దానితోపాటు లాటిన్ భాషలో వంశ నినాదం: ‘మరువకుము’.

ఏమి మరువకూడదు? చిక్కంతా అక్కడే ఉంది. 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున గ్లెన్‌కో లోయలో, రాజాజ్ఞ మేరకు, రాబర్ట్ క్యాంబెల్ అనే కెప్టెన్ నడిపిన సైనికులు సుమారు 38 మంది మెక్‌డొనాల్డ్ వంశీయులను చంపారు. అంతకుముందు దాదాపు రెండు వారాలు వాళ్ల ఇళ్లలోనే ఉండి, వాళ్లు పెట్టిందే తిన్నారు. మెక్‌డొనాల్డులు ఆ పగను తరతరాలు మరువలేదు.

కడప జిల్లా వాళ్లకు ఇది కొత్త కథ కాదు. తాతను ఎవరు చంపారో మనవడికి నూరిపోసే ఇళ్లు మన పల్లెల్లో ఉన్నాయి. ఆదివారం ప్రభువు బల్లలో పాలుపొంది, సోమవారం దాయాది ఎదురైతే ముఖం తిప్పుకునేవారు మన సంఘాల్లో లేరా? బోధించే మేమూ దీనికి అతీతులం కాము.

దావీదు కూడా తన ప్రాణానికి ‘మరువకు’ అనే చెప్పుకున్నాడు. అయితే ఆయన మరువవద్దన్నది దేవుడు చేసిన ఉపకారాలను (కీర్తన 103:2). అదే కీర్తనలో, మన దోషాలను దేవుడు తూర్పుకూ పడమరకూ ఉన్నంత దూరం చేశాడని సాక్ష్యమిచ్చాడు. ఉపకారాన్ని గుర్తుంచుకోవాలి, అపకారాన్ని దూరం చేసుకోవాలి.

పేరు ఒక్కటే. గ్లెన్‌కోలో అది చావు ఏడుపును గుర్తు చేస్తుంది. జమ్మలమడుగులో పసిబిడ్డ తొలి ఏడుపును గుర్తు చేస్తుంది. వంశం పేరుకు విలువ తెచ్చేది డాలు మీది బొమ్మ కాదు, ఆ పేరు మోసేవాడి చేతులు చేసిన పని.

మన డాలు విశ్వాసం (ఎఫెసీ. 6:16). మన గుర్తు సిలువ. దాని మీద వేలాడుతూ ప్రభువు తనను చంపుతున్నవారి కోసమే ప్రార్థించాడు. మన పిల్లలకు మనం దేన్ని మరువవద్దని నేర్పుతున్నాం? ఈసారి బల్ల దగ్గరికి వచ్చేముందు ఆ దాయాది గడప తొక్కి రండి (మత్తయి 5:23, 24).